ఏ మెషీన్ మీద ఎవరు? బాలానగర్‌లో నా ప్లానింగ్ రోజులు

చేరిన రోజే మా ఓనరు గారు నా చేతిలో ఒక డస్టరు, నల్లదీ ఎర్రదీ రెండు మార్కర్లు పెట్టారు. మెషీన్ షాపు మధ్యలో గోడకి ఎనిమిదడుగుల తెల్లబోర్డు ఉంది. "రేపట్నుంచి ఈ బోర్డు నీది. ఏ జాబ్ ఏ మెషీన్ మీద ఎక్కాలి, ఎవరు నడపాలి, అంతా నువ్వే రాయాలి" అన్నారు. అంతకుముందు ఆ బోర్డు రాసిన సూపర్‌వైజర్ మస్కట్ వెళ్లిపోయాడు. ఏళ్లుగా బుర్రలో మోసిన లెక్కంతా అతనితోనే విమానం ఎక్కేసింది. నా దగ్గరున్నది మెకానికల్ బీటెక్ పట్టా, ఆపరేషన్స్ రీసెర్చ్ (పనుల వరసనీ పంపకాన్నీ లెక్కలతో తేల్చే శాస్త్రం) పేపర్‌లో 71 మార్కులు. అది 2013 జూన్.

మా షాపు హైదరాబాద్‌లోని బాలానగర్‌లో. మందుల కంపెనీ ఐడీపీఎల్, విమానాల కంపెనీ హెచ్‌ఏఎల్ లాంటి పెద్ద ప్రభుత్వ సంస్థలు వచ్చాక వాటి చుట్టుపక్కల పెరిగిన చిన్నచిన్న షెడ్లలో అదొకటి. మూడు సీఎన్‌సీ లేత్‌లు (కంప్యూటర్ ఆదేశాలతో, ముక్కని తిప్పుతూ గుండ్రంగా చెక్కేవి), రెండు వీఎంసీలు (తిరిగే టూల్‌తో కోసే కంప్యూటర్ మిల్లింగ్ మెషీన్లు), ఒక పాత మిల్లింగ్ మెషీన్, ఒక రేడియల్ డ్రిల్లు, మూలన ఒకే ఒక్క సిలిండ్రికల్ గ్రైండర్, అంటే గుండ్రటి ముక్కల్ని చివరి సైజుకి సానపట్టే మెషీన్. రెండు షిఫ్టులు కలిపి 22 మంది. పంపుల భాగాలు, వాల్వ్ భాగాలు, అప్పుడప్పుడు డిఫెన్స్‌కి సరఫరా చేసేవాళ్ల దగ్గర్నుంచి సబ్ కాంట్రాక్టు పని. ఏ రోజు చూసినా ముప్పై, నలభై రకాల జాబ్‌లు (ఒక్కో ఆర్డరు ముక్కల పని మాకు ఒక జాబ్) షెడ్డులో తిరుగుతుండేవి. పది ముక్కల ఆర్డరుంటుంది, రెండు వేల ముక్కల ఆర్డరూ ఉంటుంది.

మొదటి నెల నేను చేసింది ఒక్కటే: బోర్డు మీద ఖాళీ గడి లేకుండా చూడటం. మెషీన్ ఖాళీగా ఉంటే ఓనరు గారికి నిద్ర పట్టదు. విడివిడిగా చూస్తే ఆయన బాధ సబబే, ఒక వీఎంసీకి కట్టే బ్యాంకు కిస్తీ ఎంతో ఆయనకే తెలుసు. అందుకని ఏ లేత్ ఖాళీ అయితే దాని మీదికి చేతికందిన జాబ్ ఎక్కించేసేవాణ్ణి. బోర్డు నిండుగా కనిపించేది. ఆయన సంతోషించేవారు. నెలాఖరుకి డిస్పాచ్ లెక్క చూస్తే మాత్రం సగం ఆర్డర్లు లేటు.

సామాను ఎటు పోయింది? పోలేదు. గ్రైండర్ ముందు ట్రేలలో ఉంది. లేత్ మీద అయిపోయిన షాఫ్టులు, బుష్‌లు, స్లీవ్‌లు నడుము ఎత్తున పేరుకుని, నడిచే దారి కూడా మూసేశాయి. మూడు లేత్‌లు ఊపిరి తీసుకోకుండా తోస్తుంటే, తాగేది ఒక్క నోరు. ఇది చూడటానికి బీటెక్ అక్కర్లేదు. టీ పోసే కుర్రాడే ఒకరోజు "సార్, ఇక్కడ కాలు పెట్టే జాగా లేదు" అన్నాడు. నాకు మాత్రం నెల పట్టింది.

కాలేజీలో మాకు చెప్పిన ఒక లెక్క ఆ రోజుల్లో తరచు గుర్తొచ్చేది. ఐదు జాబ్‌లు, ఐదు మెషీన్లు ఉన్నాయనుకోండి. ఒక్కో మెషీన్ ముందు ఐదు జాబ్‌లని 120 రకాలుగా వరసపెట్టొచ్చు. ఐదు మెషీన్లకీ కలిపితే 120ని ఐదుసార్లు హెచ్చవేయాలి. 2,488 కోట్ల 32 లక్షలు వస్తుంది. ఇందులో చాలా వరసలు అసలు నడవనివే, అయినా మిగిలినవి తక్కువేం కావు. పది జాబ్‌లు, పది మెషీన్ల లెక్క ఒకటి 1963లో అచ్చయితే, దానికి ఇంతకన్నా మంచి జవాబు లేదని తేల్చడానికి 1989 దాకా పట్టింది. అంత పెద్దవాళ్లకే 26 ఏళ్లు పట్టినప్పుడు, పొద్దున ఎనిమిదింటికి మార్కర్ పట్టుకుని నిలబడ్డ నాకు చెమటలు పట్టడంలో వింతేముంది అని సర్దిచెప్పుకునేవాణ్ణి.

ఒక శనివారం రాత్రి అటక మీద నుంచి కాలేజీ నోట్సు దించాను. అందులో జాన్సన్ రూల్ కనిపించింది. 1954 నాటిది. అన్ని జాబ్‌లూ మొదట ఒక మెషీన్, తర్వాత ఇంకో మెషీన్, ఇదే వరసలో వెళ్లేటట్టయితే, మొత్తం పని తొందరగా ముగియడానికి ఏది ముందు ఎక్కించాలో చెప్పే పద్ధతి. వేసుకోవడం చాలా తేలిక. అన్ని జాబ్‌ల టైములూ రెండు వరసల్లో రాసుకోవాలి. మొత్తంలో అతి చిన్న అంకె వెతకాలి. అది మొదటి మెషీన్ వరసలో ఉంటే ఆ జాబ్ అన్నిటికన్నా ముందు, రెండో మెషీన్ వరసలో ఉంటే అన్నిటికన్నా చివర. దాన్ని కొట్టేసి, మిగిలినవాటితో మళ్లీ అదే పని.

సోమవారం పొద్దున అదృష్టం కొద్దీ హీట్ ట్రీట్‌మెంట్ (లోహాన్ని కాచి గట్టిపరచడం) అక్కర్లేని ఐదు జాబ్‌లు ఒకేసారి దొరికాయి. అన్నీ ఒకే లేత్ మీద టర్నింగ్ అయ్యి గ్రైండింగ్‌కి వెళ్లేవే. పిన్నులకి టర్నింగ్ గంట, గ్రైండింగ్ నాలుగు గంటలు. బుష్‌లకి మూడు, ఆరు. స్లీవ్‌లకి ఆరు, ఐదు. షాఫ్టులకి ఏడు, మూడు. స్పేసర్లకి నాలుగు, రెండు. మా పాత అలవాటు ప్రకారమైతే "పెద్దది ముందు అవగొట్టేద్దాం" అని షాఫ్టులతో మొదలుపెట్టేవాళ్లం. తర్వాత స్లీవ్‌లు, స్పేసర్లు, బుష్‌లు, చివరికి పిన్నులు. కాగితం మీద గీసి చూశాను. షాఫ్టులు లేత్ దిగేదాకా ఏడు గంటలు గ్రైండర్ ఊరికే ఉంటుంది. అవి గ్రైండింగ్ అయ్యాక స్లీవ్‌ల కోసం ఇంకో మూడు గంటలు. మొత్తం ముగిసేసరికి 30 గంటలు.

రూల్ ప్రకారం పిన్నులు, బుష్‌లు, స్లీవ్‌లు, షాఫ్టులు, స్పేసర్లు. గంట తిరిగేసరికి పిన్నులు గ్రైండర్ ఎక్కుతాయి. ఇక అక్కణ్ణుంచి గ్రైండర్ ఖాళీగా ఉండేది మధ్యలో ఒక గంట, చివర్లో ఒక గంట. 23 గంటల్లో ఐదూ అయిపోతాయి. అవే మెషీన్లు, అవే మనుషులు, అదే పని. వరస మార్చినందుకు దాదాపు ఒక షిఫ్టు మిగిలింది. అది ఓవర్‌టైమ్ కింద చేయించాలంటే అప్పటి ఫ్యాక్టరీల చట్టం ప్రకారం కూలి రెట్టింపు కట్టాల్సి వచ్చేది. ఓనరు గారికి ఈ ముక్క మొదట చెప్పి, రూల్ సంగతి తర్వాత చెప్పాను.

నిజంగా నడిపితే ఇరవై ఐదున్నర గంటలు పట్టింది. నా కాగితంలో గ్రైండింగ్ వీల్‌ని మళ్లీ పదునుపెట్టే డ్రెస్సింగ్ టైము లేదు. ఫస్ట్ పీస్ తీసుకెళ్లి ఇన్‌స్పెక్షన్ గది బయట నిలబడే టైము లేదు. అయినా నాకు ఆ సాయంత్రం కాలు నేల మీద ఆనలేదు. బాలానగర్ చౌరస్తాలో రెండు ప్లేట్లు మిర్చి బజ్జీ తిన్నాను.

ఆ గర్వం రెండు వారాలు నిలిచింది. అంత శుభ్రంగా రెండు మెషీన్ల దారిలో వెళ్లే జాబ్‌లు మాకు వారంలో పదో పన్నెండో. మిగతావి లేత్ నుంచి మిల్లింగ్‌కి, అక్కణ్ణుంచి డ్రిల్లింగ్‌కి, మళ్లీ లేత్‌కి, ఎటు పడితే అటు తిరుగుతాయి. పైగా హీట్ ట్రీట్‌మెంట్ మా షెడ్డులో లేదు. జీడిమెట్లలో ఒక ఫర్నేస్ వాళ్లకి పంపాలి. వాళ్ల వ్యాను సాయంత్రం ఐదింటికి వస్తుంది. ఐదూ పదికి ట్రే సిద్ధమైతే ఆ జాబ్‌కి పది నిమిషాలు కాదు, ఒక రోజు పోయినట్టు. అందుకని పొద్దున లేత్‌ల మీద ముందు ఎక్కించాల్సినవి వ్యాను ఎక్కాల్సినవే అని ఒక నియమం పెట్టుకున్నాను. ఏ పుస్తకంలో చదివిందీ కాదు. ఆ వ్యాను వెనకాల రెండుసార్లు పరిగెత్తాక వచ్చిన జ్ఞానం.

సెటప్‌లు, అంటే ఒక జాబ్ నుంచి ఇంకో జాబ్‌కి మెషీన్‌ని సిద్ధం చేయడం, ఇంకో గొడవ. 40 మిల్లీమీటర్ల రాడ్డు నుంచి 65కి మారాలంటే రాడ్డుని పట్టుకునే చక్ జాస్ విప్పాలి, కొత్తవి బోరింగ్ చేయాలి, టూల్ కొలతలు (ఆఫ్‌సెట్లు) మెషీన్‌లో కొట్టాలి. గంటన్నర. ఒకే సైజువన్నీ కలిపి నడిపితే సెటప్‌లు తగ్గుతాయి, కానీ రేపు వెళ్లాల్సిన ఆర్డరు వచ్చే వారం వెళ్లాల్సిన దాని వెనక ఇరుక్కుంటుంది. ఈ రెంటి మధ్య తూకం ఇప్పటికీ నాకు పూర్తిగా చేతకాలేదు. గ్రైండర్ దగ్గర మాత్రం సెటప్ తగ్గించడమే మేలు, ఎందుకంటే అక్కడ పోయిన గంట షాపు మొత్తానికి పోయిన గంట. ఖాళీగా ఉండే డ్రిల్లింగ్ మెషీన్ మీద సెటప్ నాలుగుసార్లు మార్చినా కొంపలేం మునగవు.

ఇక అర్జెంట్. కస్టమర్ ఫోన్ చేస్తే ఓనరు గారు ఆ జాబ్ కార్డు మీద ఎర్రగా గీత కొట్టేవారు. ఆగస్టులో ఒకరోజు లెక్కపెట్టాను, 37 కార్డుల్లో 19 ఎర్రవి. పోటీ పడేవాళ్లంతా ముందు వరసలోనే ఉంటే వరస అనే మాటకి అర్థం లేదు. ఒక ఎర్ర కార్డు కోసం నడుస్తున్న జాబ్ దింపేవాళ్లం, సెటప్ మార్చేవాళ్లం. రెండు గంటలకి ఇంకో ఎర్ర కార్డు వచ్చేది. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. షెడ్డులో ఎప్పుడూ రెండే ఎర్ర కార్డులు. మూడోది పెట్టాలంటే ఉన్నవాటిలో ఏది నల్లబడాలో ఓనరు గారే చెప్పాలి. మొదటి వారం నా మీద అరిచారు. ఆ తర్వాత ఫోన్‌లో కస్టమర్లకి "గురువారం ఇస్తా" అని చెప్పడం ఆయనే నేర్చుకున్నారు.

ఇప్పటిదాకా చెప్పింది జాబ్‌ల సంగతి. మనుషుల సంగతి వేరు, నాకు గట్టి దెబ్బ తగిలింది అక్కడే.

మా షాపులో ఒక పెద్దాయన ఉండేవాడు. మెషీన్లు తయారుచేసే ప్రాగా టూల్స్‌లో అప్రెంటిస్ చేసి వచ్చిన మనిషి, అప్పటికే యాభై దాటాయి. అందరూ మేస్త్రి అనేవాళ్లం. లేత్ అయినా, వీఎంసీ అయినా, గ్రైండర్ అయినా ఆయన చేతిలో మాట వింటాయి. వీల్ జాబ్‌కి తాకినప్పుడు వచ్చే శబ్దాన్ని బట్టి ఎంత దించాలో చెప్పేవాడు. నేను మైక్రోమీటరు పెట్టి చూస్తే పది మైక్రాన్ల లోపలే ఉండేది. అలవాటుగా ఆయన్ని అందరికన్నా కష్టమైన సీఎన్‌సీ లేత్ మీద వేసేవాళ్లం, అక్కడ ఆయన వేగం అలాంటిది మరి.

నేను స్టాప్‌వాచ్ పట్టుకుని మూడు వారాలు ఎవరికి ఏ పనికి ఎంత టైము పడుతుందో రాసుకున్నాను. ఒకరోజు పట్టిక ఇలా ఉంది. మేస్త్రికి లేత్ పని నాలుగు గంటలు, వీఎంసీ పని ఆరు, గ్రైండింగ్ ఆరు. ఐటీఐ చదివిన శ్రీకాకుళం కుర్రాడికి ఐదు, ఎనిమిది, పదకొండు. గంజాం నుంచి వచ్చిన ఒడియా కుర్రాడికి తొమ్మిది, ఏడు, పదమూడు. ఎవరిని దేని మీద వెయ్యాలి?

ఉత్తముణ్ణి ఆయన ఉత్తమంగా చేసే పని మీద వేద్దాం అనుకుంటే మేస్త్రి లేత్ మీదికి వెళ్తాడు, నాలుగు గంటలు. ఒడియా కుర్రాడు వీఎంసీ మీద ఏడు. మిగిలిన శ్రీకాకుళం అతను గ్రైండర్ మీద పదకొండు. మొత్తం 22. దీనికి హంగేరియన్ పద్ధతి అని ఒకటుంది, 1955లో హెరాల్డ్ కూన్ అనే అమెరికన్ రాశాడు. కోనిగ్, ఎగర్వారి అనే ఇద్దరు హంగేరీ గణితజ్ఞుల పని మీద కట్టాడు కాబట్టి ఆ దేశం పేరే పెట్టాడు. ఒక్కొక్కరి వరసలోని అతి చిన్న అంకెని ఆ వరసలోని అన్ని అంకెల్లోంచి తీసెయ్యాలి. తర్వాత నిలువు వరసల్లోనూ అదే చెయ్యాలి. సున్నాలు ఎక్కడ పడ్డాయో చూసి ఒక్కొక్కరికి ఒక్కో సున్నా ఇవ్వాలి. మా పట్టికకి రెండు తీసివేతల్లోనే జవాబు వచ్చేసింది: మేస్త్రి గ్రైండర్, శ్రీకాకుళం అతను లేత్, ఒడియా అతను వీఎంసీ. ఆరు, ఐదు, ఏడు, వెరసి 18.

లేత్ మీద మేస్త్రికీ శ్రీకాకుళం కుర్రాడికీ తేడా ఒక్క గంటే. గ్రైండర్ మీద తేడా ఐదు గంటలు. ఆయన్ని లేత్ మీద వాడుకోవడమంటే బంగారు గొలుసుతో గేదెని కట్టేసినట్టే. పైగా షాపు ఇరుకంతా గ్రైండర్ దగ్గరే ఉంది. నాకు అంతా కలిసొచ్చింది. సెప్టెంబరంతా మేస్త్రిని గ్రైండర్ మీద పెట్టాను. ట్రేల గుట్ట కరిగింది. నడిచే దారి బయటపడింది. లేటు ఆర్డర్లు సగానికి సగం తగ్గాయి.

అక్టోబరు జీతాల రోజు సాయంత్రం మేస్త్రి నా టేబుల్ దగ్గరికి వచ్చాడు. జీతం కవరు నా ముందు పెట్టాడు. గొంతు పెంచలేదు.

"సారూ, మీ లెక్కల నా పైసలేడున్నయ్?"

నాకు అర్థం కాలేదు. ఆయనే వివరించాడు. మా షాపులో జీతం మీద ఇన్సెంటివ్ ఉండేది, ముక్కల లెక్కన. లేత్ మీద రోజుకి రెండు వందల ముక్కలు దించితే అంత ఇన్సెంటివ్ వస్తుంది. గ్రైండర్ మీద నలభై దించడమే గగనం. ఆ రేటు ఎవరో ఎప్పుడో పెట్టింది, గ్రైండింగ్‌కి విడిగా సవరించలేదు. షాపు మొత్తాన్ని ఒడ్డున పడేసిన నెలలో ఆ మనిషికి అంతకుముందు నెలకన్నా 1,800 రూపాయలు తక్కువ వచ్చాయి. ఆయన బదులు లేత్ మీద వేసిన కుర్రాడికి పెరిగాయి.

నా పట్టికలో గంటలున్నాయి. రూపాయల వరస ఒకటి ఉండాలన్న ఆలోచనే నాకు రాలేదు. సిగ్గుతో తల దించుకుని, "తప్పు నాదే మేస్త్రీ, రెండు రోజులు టైమివ్వండి" అన్నాను.

రెండు రోజులు కాదు, రెండు నెలలు పట్టింది. గ్రైండింగ్ ముక్కకి రేటు పెంచుదామంటే లేత్ వాళ్లు మాకూ పెంచమన్నారు. ఓనరు గారు అసలు ఇన్సెంటివే తీసేస్తానన్నారు. డిసెంబరులో తేలింది ఏమిటంటే, ఇన్సెంటివ్‌లో సగం ఎప్పటిలాగే ముక్కల మీద, మిగతా సగం ఆ నెల టైముకి వెళ్లిన ఆర్డర్ల మీద, షిఫ్టులో అందరికీ సమానంగా. మేస్త్రికి తగ్గిన రెండు నెలల డబ్బు ఓనరు గారు విడిగా ఇచ్చారు. ఇది గొప్ప పద్ధతని అనను. పని ఎగ్గొట్టేవాడికీ అదే వాటా వెళ్తోందని తర్వాత రెండుసార్లు గొడవలయ్యాయి. కానీ గ్రైండర్ మీదికి వెళ్లమంటే మొహం ముడుచుకోవడం పోయింది.

మేస్త్రి పెట్టిన షరతు ఇంకోటి ఉంది. "నాకేమన్నయితే మిషన్ బందయితది. పొద్దుగాల రెండు గంటలు ఆ ఒడియా పోరగాన్ని నా పక్కన నిలవెట్టుండ్రి." నా లెక్క ప్రకారం అది రోజుకి రెండు గంటల వీఎంసీ టైము బూడిదలో పోసినట్టు. గంటల పట్టిక ఎప్పుడూ అలా చెయ్యమనదు, అది ఇవాళ్టి పనినే చూస్తుంది. అయినా ఆయన మాటే రాశాను, బోర్డు మీద రోజూ ఎనిమిది నుంచి పదింటిదాకా. ఆరు నెలల్లో పదమూడు గంటల పని ఆ కుర్రాడు ఎనిమిదిన్నరకి తెచ్చాడు. రాత్రి షిఫ్టులో కూడా గ్రైండర్ నడవడం అప్పట్నుంచే.

పండగల సంగతి చెప్పకపోతే ఈ కథ సగమే. సంక్రాంతికి శ్రీకాకుళం, విజయనగరం వాళ్లు వారం ముందే టికెట్లు చూసుకుంటారు. 14న ఊళ్లో ఉండాలి, అంతే. ఒడియా కుర్రాళ్లు జూన్‌లో రజ పండక్కి వెళ్తారు. బీహార్ వాళ్లకి దీపావళి అయిన ఆరో రోజు ఛఠ్, దానికి పోనివ్వకపోతే మళ్లీ తిరిగి రారు. మొదటి సంక్రాంతికి నేను ఎవరెవరు ఉంటారో అడక్కుండా బోర్డు నింపేశాను. 13న పొద్దున షిఫ్టుకి తొమ్మిది మంది రావాల్సిన చోట నలుగురొచ్చారు. రెండో ఏడాదికి బోర్డు పక్కన పండగల క్యాలెండరు వేలాడదీసి, ఎవరు ఎప్పుడు ఊరెళ్తారో వాళ్లచేతే రాయించాను. సంక్రాంతికి మిగిలేవాళ్లకి గ్రైండింగ్, లేత్ రెండూ వచ్చి ఉండాలి కాబట్టి ఎవరికి ఏ పని నేర్పాలో కూడా ఆ క్యాలెండరు చూసే తేల్చుకున్నాను. దసరాకి ఆయుధపూజ రోజు మెషీన్లకి పసుపు కుంకుమ పెడతాం, ఏదీ నడపం. ఆ రోజు బోర్డు మీద నేను రాసేది ఒక్క మాటే, "సెలవు."

2018లో ఆ షాపు వదిలి పెద్ద కంపెనీలో చేరాను. ఇక్కడ తెల్లబోర్డు లేదు, సాఫ్ట్‌వేర్ ఉంది. జాబ్‌లు, మెషీన్లు, గడువులు, ఒక్కొక్కరి నైపుణ్యానికి ఒకటి నుంచి నాలుగు దాకా మార్కులు, అన్నీ అందులోనే. నేను రాత్రంతా కూర్చుని గీసిన చార్టుని అది టీ తాగేలోపు గీసి పడేస్తుంది. చాలావరకు బాగానే గీస్తుంది కూడా.

నిన్న మధ్యాహ్నం అది ఒక కుర్రాణ్ణి వారం రోజులు రాత్రి షిఫ్టు గ్రైండర్ మీద వేసింది. నైపుణ్యం నాలుగు, జాబ్‌కి సరిగ్గా సరిపోయాడు. అతని భార్యకి నెలలు నిండాయి, ఇంట్లో ఇంకెవరూ లేరు. పేరు తీసి పగటి షిఫ్టుకి మార్చి, అతని బదులు మూడు మార్కుల మనిషిని వేశాను. మార్పుకి కారణం చెప్పమని చిన్న గడి తెరుచుకుంది. మెషీన్ రిపేరు, మెటీరియల్ రాలేదు, ఆపరేటర్ గైర్హాజరు, ఇతరములు అని నాలుగున్నాయి. ఇతరములు మీద నొక్కాను.